సర్వరు వచ్చాడు, కాఫీ రాలేదు

హోటలుకు వెళ్ళి కూర్చుంటాం. సర్వరు వస్తాడు. నీళ్ళ గ్లాసులు టకటకా పెడతాడు. ఏం కావాలంటాడు. చెబుతాం. "ఇప్పుడే తెస్తానండీ" అంటూ లోపలికి వెళతాడు. ఇక అక్కడినుంచి మన భాగ్యం. ఒక్కొక్కప్పుడు రెండు నిమిషాల్లో కాఫీ వస్తుంది. ఒక్కొక్కప్పుడు పావుగంటయినా రాదు. ఒక్కొక్కప్పుడు సర్వరు ఉత్తచేతులతో తిరిగివచ్చి "లేదండీ" అంటాడు. ఎందుకు లేదో వాడికీ తెలియదు. పాలు విరిగాయో, పొయ్యి ఆరిందో, వంటమాస్టరు అలిగి వెళ్ళిపోయాడో, లేక వంటింటికీ హాలుకూ మధ్యనున్న కిటికీ తలుపే ఎవరైనా మూసేశారో, అదంతా మన కంటికి కనపడదు. మనం మట్టుకు సర్వరునే తిడతాం. ఎదురుగా వున్నవాడు వాడే గదా!

ఇప్పుడు ఇంటింటా ఇదే భాగవతం జరుగుతున్నది. పిల్లవాడి పరీక్ష ఫీజు, ఇంటిపన్ను, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు, అన్నీ చేతిలోని ఫోనులోనే. వివరాలన్నీ నింపి, కళ్ళజోడు సవరించుకొని, దేవుణ్ణి తలచుకొని మీట నొక్కుతాం. తెల్లటి పేజీ మీద నల్లటి అంకె పడుతుంది: 502 అనో, 503 అనో, 504 అనో. "సర్వర్ డౌన్" అని ఇంటిల్లిపాదీ నిట్టూరుస్తారు. పదిసార్లు మళ్ళీ నొక్కుతారు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ అంకె వేసి మనకు చూపించినవాడెవడు? సర్వర్ నిజంగా పడిపోయి వుంటే ఆ అంకె మాత్రం వేసేదెవరు? కనుక పలికేవాడొకడు బాగానే వున్నాడు. వాడు లోపల ఎవరినో అడిగాడు. అక్కడ ఏదో చెడింది. ఈ మూడు అంకెలకూ అర్థం అంతే.

మన హోటలు సర్వరునూ, కంప్యూటరు సర్వర్‌నూ తెలుగులో ఒకే మాటతో పిలుచుకోవడం నా మటుకు నాకు ఎంతో సదుపాయంగా వుంది. ఇంగ్లీషువాళ్ళు ఒకణ్ణి వెయిటరంటారు, ఇంకొకదాన్ని సర్వరంటారు. వాళ్ళకీ సుఖం లేదు. హాలులో తిరిగే సర్వరు వెబ్ సర్వర్. వంటింట్లో వున్న మాస్టరు అప్లికేషన్ సర్వర్. వంట జావా భాషలో జరిగితే దాన్ని జావా అప్లికేషన్ సర్వర్ అంటారు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ ఈ భాషను వెలువరించింది. మొదట దానికి ఓక్ అని ఒక చెట్టు పేరు పెట్టుకున్నారు. ఆ పేరు అప్పటికే ఇంకొకరి సొత్తుగా రిజిస్టరై వుండడంతో జావా అన్నారు. జావా అంటే కాఫీ. పొగలు కక్కే కప్పే దాని ముద్ర. కాబట్టి నేను హోటలుతో పోల్చడం నా చమత్కారమేమీ కాదు, వాళ్ళ దగ్గరే వుంది.

పేర్ల సంగతి వచ్చింది గనుక ఇంకొక్కమాట. ముందు కూర్చునే వెబ్ సర్వర్లలో అపాచీ అనేది బహు ప్రసిద్ధం. అదీ 1995లోనే వచ్చింది. అమెరికాలో ఆ పేరుగల ఆదిమజాతి వారిమీది గౌరవంతో పెట్టామని కర్తలు చెబుతారు. పాత ప్రోగ్రాముకు అతుకుల మీద అతుకులు వేసి తయారుచేసినది గనుక "ఎ ప్యాచీ సర్వర్", అంటే అతుకుల సర్వర్, అనే శ్లేష కూడా అందులో వున్నది. శ్లేష మన కవులకే సొంతమనుకునేవారు గమనించగలరు. లోపలి వంటమాస్టరు పేరు టామ్‌క్యాట్. చక్కని తెలుగులో గండుపిల్లి. దీన్ని రాసిన జేమ్స్ డంకన్ డేవిడ్సన్ అనే ఆయన, తన తిండి తాను సంపాదించుకొని, తన బాగు తాను చూసుకోగల జంతువు పేరు పెట్టాలని ఈ పేరు ఎంచుకున్నాడట. 1999లో సన్ కంపెనీ దాన్ని అపాచీ సంస్థకు ధారపోసింది. వంటిల్లు గండుపిల్లికి అప్పజెప్పిన ఇల్లాలు మన పక్కనుంటే ఏమనేదో పాఠకురాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

"ఇద్దరెందుకండీ? వంటమాస్టరే వచ్చి వడ్డిస్తే సరిపోదా?" అని అడగవచ్చు. సరిపోతుంది. గండుపిల్లి తానే వీధి గుమ్మంలో కూర్చొని బేరం చెయ్యగలదు, చేసేచోట్లూ వున్నాయి. కాని పెద్ద ఇంటికి ఆ పద్ధతి పనికిరాదు. వచ్చినవారి మాట మూడోవాడు వినకుండా గుప్తంగా వుంచే పూచీ, బొమ్మలూ నోటీసులూ వంటివి చటుక్కున అందించడం, వంటవాళ్ళు నలుగురుంటే ఎవరికి ఏ పని అని పంచడం, ఇవన్నీ ముందున్నవాడి పనులు. లోపలివాడు లెక్కలు చూస్తాడు, జాబితాలు వెతుకుతాడు, రసీదులు రాస్తాడు. ఇద్దరి మధ్యా ఒక కిటికీ వుండాలి. గొడవలన్నీ ఆ కిటికీ దగ్గరే.

ఇది నాకెట్లా తెలిసిందంటారేమో. 2022 నవంబరులో పరీక్ష ఫీజులకు ఆఖరు రోజున మా కాలేజీలో జరిగిన వ్యవహారం చెబుతాను.

ముందురోజు సాయంకాలం ఐదింటికి కంప్యూటరు చూసే కుర్రవాడు, పాత ప్రోగ్రాములు ఇక ప్రమాదమని పైనుంచి తాఖీదు వస్తే, అన్నిటినీ కొత్తవాటితో మార్చాడు. చెయ్యవలసిన పనే చేశాడు, రోజు మాత్రం మంచిది చూసుకోలేదు. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు గుమ్మంలో జనం. ఏ ఫోనులో చూసినా 503. వాళ్ళలో ఒకాయన పక్క మండలంనుంచి మొదటి బస్సుకు వచ్చాడు. కూతురు ఆఖరి సంవత్సరం. ముందురోజు సరిగ్గా ఐదింటివేళ ఇంటర్‌నెట్ సెంటర్లో కూర్చొని ఫీజు కట్టించాడు. బ్యాంకు పేజీలో డబ్బు పోయింది. అక్కడినుంచి కాలేజీ పేజీకి తిరిగి వచ్చేసరికి ఈ అంకె ఎదురైంది. రసీదు లేదు. ఫోనులో బ్యాంకు పంపిన రెండు లైన్ల కబురు తప్ప ఆయన చేతిలో ఏ ఆధారమూ లేదు. ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చినవాడు ఎవరిమీదా కేకలు వెయ్యలేదు. ఆ ఫోను ప్రతివారికీ చూపిస్తూ, "పిల్లకు పరీక్ష పోతుందాండీ?" అని మాత్రం అడుగుతున్నాడు. పరీక్షల కమిటీలో వున్నవాళ్ళం మేము ముగ్గురం. ముగ్గురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

నా దగ్గర బి.ఏ. తెలుగు చదివి, తరువాత దారి మార్చుకొని హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడున్నాడు. ఫోను చేశాను.

"మాస్టారూ, ముందొకటి చెప్పండి. వెబ్‌సైటులో కాలేజీ బొమ్మ కనపడుతోందా?" అన్నాడు.

"నిక్షేపంలా కనపడుతోంది. ప్రిన్సిపాలుగారి సందేశం కూడా వుంది."

"అయితే అపాచీ బాగానే వుందండీ. బొమ్మలు ఇచ్చేది అదే. ఇప్పుడు మీ కుర్రవాణ్ణి ఆ కంప్యూటరు దగ్గరే కూర్చొని, టామ్‌క్యాట్‌ను నేరుగా 8080 పోర్టులో పలకరించి చూడమనండి."

పోర్టు అంటే గది నంబరు లాంటిది. ఒకే కంప్యూటరులో ఒక్కొక్క ప్రోగ్రామూ ఒక్కొక్క నంబరు దగ్గర చెవి ఒగ్గి కూర్చుంటుంది. కుర్రవాడు పలకరించాడు. ఫీజు పేజీ చక్కా వచ్చింది! వంటమాస్టరు వంటింట్లోనే వున్నాడు, పొయ్యి మండుతోంది, కాఫీ కాగుతోంది.

"అయితే జబ్బు ఇద్దరి మధ్యా వుందండీ" అన్నాడు మావాడు.

చూశారా, రెండే రెండు ప్రశ్నలతో ఇల్లంతా వెతకవలసిన పని తప్పి, ఒక్క గుమ్మం దగ్గరకు వచ్చి పడ్డాం. మా కుర్రవాడు అప్పటికే అన్నీ పీకేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కిస్తానని చేతులు మడుచుకుంటున్నాడు. సాయంత్రానికి గడువు ముగిసే రోజున ఆ పని మొదలెడితే ఏమయ్యేదో!

"లాగ్ చదవమనండి" అన్నాడు శిష్యుడు.

లాగ్ అంటే దినచర్య పుస్తకం. అపాచీ ఒకటి రాసుకుంటుంది, టామ్‌క్యాట్ మరొకటి రాసుకుంటుంది. మనకు చూపించేది ఒక్క అంకే అయినా, ఆ పుస్తకంలో జరిగినదంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టి వుంటుంది. విచిత్రమేమంటే, గాభరాలో వున్నవాడికి దాన్ని చదవాలని తోచదు. కంప్యూటరును ఆర్పి మళ్ళీ వెలిగించడమే తోస్తుంది. అపాచీ పుస్తకంలో వున్న ముక్క ఇది: 127.0.0.1 చిరునామాలో 8009 పోర్టు దగ్గరకు వెళ్ళాను, కనెక్షన్ నిరాకరించారు, 111.

127.0.0.1 అంటే "ఈ ఇల్లే" అని అర్థం. ఏ కంప్యూటరుకైనా తనను తాను పిలుచుకునే చిరునామా అది. 8009 అనేది అపాచీ, టామ్‌క్యాట్ తమలో తాము మాట్లాడుకునే గుమ్మం. అక్కడ వాళ్ళు మాట్లాడే పొడి భాష పేరు ఏజేపీ. ఇక 111 అనే నంబరు ఎంత విలువైనదో మావాడు చెప్పేదాకా నాకు తెలియదు. లినక్స్ కంప్యూటర్లలో 111 అంటే ఆ ఇంట్లో మనుషులున్నారు గాని ఆ గదిలో మట్టుకు ఎవరూ లేరు, వెంటనే "లేరు పొ" మ్మన్నారు. అదే 110 అయితే తలుపు తట్టి తట్టి ఎంతసేపు నిలబడినా ఉలుకూ పలుకూ లేదని; కంప్యూటరే లేకపోవచ్చు, మధ్యలో ఫైర్‌వాల్ అనే కావలివాడు ఉత్తరాలు అందుకొని చెప్పకుండా పారేస్తూ వుండవచ్చు. 13 అయితే అవతలివాడి తప్పే లేదు, మన ఇంటి పెద్దలే గడప దాటనివ్వలేదని. అంటే మన కంప్యూటరులోని భద్రతా నియమం అపాచీని బయటికి వెళ్ళనివ్వలేదన్నమాట. మూడు వేరువేరు జబ్బులు. మనకు బయట కనబడే ముఖం మాత్రం దాదాపు ఒకటే.

సరే, 8009 దగ్గర ఎవరూ లేరు. నిన్నటిదాకా వున్నవాడు ఏమైనాడు?

ఇక్కడ ఒక దయ్యపు పిల్లి కథ చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో చైటిన్ టెక్ అనే చైనా భద్రతా సంస్థవారు కనిపెట్టిన లోపం ఒకటి బయటపడింది. దానికి ఘోస్ట్‌క్యాట్ అని పేరు పెట్టారు. సంగతేమంటే, ఏజేపీ భాషలో మాట్లాడేవాడు ఇంటివాడేనని టామ్‌క్యాట్ పూర్తిగా నమ్ముతుంది. "వచ్చినవారు ఫలానా, వారిని నేను పరీక్షించాను" అని ముందున్నవాడు చెబితే లోపలివాడు మారుమాటాడడు. ఇంటివాళ్ళ మధ్య అది మర్యాదే. కాని ఆ 8009 గుమ్మం ఆనాటిదాకా టామ్‌క్యాట్‌ను ఎక్కించగానే దానంతట అదే తెరుచుకునేది. పైగా ఆ ఇంటికి వుండే అన్ని చిరునామాలకూ పలికేది. వీధినపోయేవాడెవడైనా ఆ భాష నేర్చుకొని అక్కడికి వస్తే, లోపలి ఫైళ్ళు చదివి పోవచ్చు. వాటిల్లో తాళంచెవులవంటి సంకేత పదాలుంటే అవీ పోయినట్టే. మనుషులు ఫైళ్ళు పంపుకొనే సౌకర్యం ఆ సైటులో వుంటే, ఇంకా ఘోరం, తన ప్రోగ్రామునే అక్కడ నడిపించవచ్చు. ప్రమాదం ఎంతటిదని పదికి మార్కులు వేస్తే దీనికి 9.8 వేశారు. మా క్లాసులో ఎవరికీ ఎన్నడూ అన్ని మార్కులు రాలేదు.

దాంతో టామ్‌క్యాట్ కర్తలు మేలుకొన్నారు. 9.0.31, 8.5.51, 7.0.100 కూర్పులనుంచి మూడు మార్పులు చేశారు. ఒకటి, ఆ గుమ్మం ఇక దానంతట అది తెరుచుకోదు. కావాలన్నవాడు ఫైలులో రాసుకొని తెరుచుకోవాలి. రెండు, తెరిచినా "ఈ ఇల్లే" అన్న చిరునామాకే పలుకుతుంది. మూడు, ఇద్దరి మధ్యా ఒక రహస్యపు మాట వుండి తీరాలి. అది లేకపోతే గుమ్మం తెరుచుకోనే తెరుచుకోదు. మంచి మార్పులే. నన్నడిగితే ఆలస్యంగా చేసిన మంచి మార్పులు. కాని లోకంలో ఏ ఇల్లు బాగుచేసినా, ముందు ఇంట్లోవాడికే తల తలుపుకు తగులుతుంది. పాతదానినుంచి కొత్తదానికి మారిన చోట్ల అపాచీలు వెళ్ళి మూసిన గుమ్మం ముందు నిలబడ్డాయి. మా కాలేజీ చాలా ఏళ్ళు పాతదాన్నే పట్టుకు వేలాడి, రెండేళ్ళు ఆలస్యంగా ఆ గుమ్మానికి తల కొట్టుకుంది.

కుర్రవాడు టామ్‌క్యాట్ ఫైలు తెరిచాడు. ఏజేపీ పంక్తులు వున్నాయి గాని, నిష్ఫలంగా, చుట్టూ కొక్కేలు వేసి కట్టిపెట్టి వున్నాయి. కొక్కేలు తీశాడు. టామ్‌క్యాట్‌ను ఆపి మళ్ళీ లేపాడు. 503.

"ఇదికాదు జబ్బు" అని నిరాశపడ్డాడు. అదే జబ్బు, రెండో మందు కూడా పడాలి. ఈసారి టామ్‌క్యాట్ పుస్తకం చూడమన్నాడు శిష్యుడు. అందులో స్పష్టంగా వుంది: రహస్యపు మాట తప్పనిసరి అన్నావు, మాట మాత్రం చెప్పలేదు, ఇది చెల్లదు. మిగతా వంటిల్లంతా తెరిచి, ఆ ఒక్క గుమ్మం మూసేవుంచింది. ఒక మాట అనుకొని ఇటు టామ్‌క్యాట్‌లోనూ, అటు అపాచీలోనూ రాశారు. ఇక్కడ అదృష్టమేమంటే, అపాచీలో ఈ పనికి వాడే భాగం 2.4.42 కూర్పునుంచే రహస్యపు మాట చెప్పడం నేర్చింది. అపాచీని కూడా కొత్తది వేసివుండడంవల్ల బతికాం. రెంటినీ మళ్ళీ లేపారు. 503.

అప్పటికి పదిన్నర. ప్రిన్సిపాలుగారు రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళారు. ఏమీ అనకపోవడమే భయంగా వుంది.

"ఇప్పుడు 8009 దగ్గర ఎవరైనా వింటున్నారా చూడమనండి" అన్నాడు మావాడు. అది చూపించే ఆజ్ఞ ఒకటుంది. కొట్టి చూస్తే, వింటున్నారు! కాని చిరునామా 127.0.0.1 అని లేదు. ::1 అని వుంది. ఇదీ "ఈ ఇల్లే", కాని కొత్తరకం చిరునామాల పద్ధతిలో. కొక్కేలలో వున్న నమూనా పంక్తిలో అట్లా రాసిపెట్టి వుండగా, మా కుర్రవాడు వున్నది వున్నట్టు తెరిచాడు. అపాచీ పాత చిరునామాకు వెళ్ళి తలుపు తడుతుంది. టామ్‌క్యాట్ కొత్త చిరునామాలో కూర్చొని ఎవరూ రావడంలేదనుకుంటుంది. ఒకే ఇంటికి వీధివైపు ఒక నంబరూ, సందువైపు ఒక నంబరూ వుంటే పోస్టుమాను పడే అవస్థే ఇదీను. టామ్‌క్యాట్‌లో ::1 తీసి 127.0.0.1 అని రాశారు. దాన్ని లేపారు.

503.

కుర్రవాడు తల పట్టుకున్నాడు. రాసినదంతా చెరిపేయబోయాడు. "ఏమీ ముట్టుకోవద్దనండి. ఒక్క నిమిషం గడియారం చూడమనండి" అన్నాడు మావాడు, సరిగ్గా డాక్టరులాగా. అపాచీకి ఒక అలవాటుందట. ఒకసారి వెళ్ళి భంగపడితే, మళ్ళీ అరవై సెకన్లదాకా ఆ గుమ్మం వైపు చూడదు. అడిగినవారికల్లా వెళ్ళకుండానే "లేదు" అని చెప్పేస్తుంది. నిజంగానే లాగ్‌లో ఈసారి "నిరాకరించారు" అని లేదు. "కనెక్షన్ నిలిపివేశాను" అని వుంది. ఈ అరవై సెకన్ల అలక తెలియక, సరైన మందు పడిన తరువాత దాన్ని చెరిపేసి, ఇంకేదో మార్చి, రాత్రంతా కూర్చున్నవాళ్ళు ఎందరో వుంటారట. నాకు వింత లేదు. ఇళ్ళల్లో అలకలు తీరేదీ ఇట్లాగే, ఆ కాస్త వ్యవధి ఇస్తేనే.

నిమిషం గడిచింది. ఫీజు పేజీ వచ్చింది. మధ్యాహ్నానికి బ్యాంకువారి జాబితాతో సరిచూసి, ముందురోజు డబ్బు పోయి రసీదు రానివారందరికీ రసీదులు ఇచ్చారు. ఆ తండ్రి తన రసీదును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని, రెండింటి బస్సుకు వెళ్ళిపోయాడు.

తరువాత ఆదివారంనాడు శిష్యుడు మా ఇంటికి వచ్చినప్పుడు మిగతా జబ్బుల గురించి కూడా అడిగాను. 504 మాట వేరట. కిటికీ తెరిచే వుంది, వంటమాస్టరు చీటీ అందుకున్నాడు కూడా, కాని చెప్పిన వేళకు కాఫీ రాలేదు. టామ్‌క్యాట్‌లో మామూలుగా ఒక గుమ్మానికి రెండువందల మంది పనివాళ్ళు వుంటారు. ఫలితాల రోజున అందరూ వెళ్ళి స్టోరు రూము ముందు, అంటే డేటాబేసు ముందు, వరసలో నిలబడితే, రెండువందల ఒకటోవాడి గోడు వినేవాడుండడు. అప్పుడు టామ్‌క్యాట్‌ను ఆర్పి వెలిగిస్తే ఒక పావుగంట బాగుంటుంది, మళ్ళీ అదే కథ. ఆర్పేముందు, ఏ పనివాడు ఎక్కడ నిలబడి వున్నాడో చెప్పే పటం ఒకటి తీసుకోవచ్చు; దాన్ని థ్రెడ్ డంప్ అంటారు. "రెండువందల మందీ ఒకే తలుపు ముందు వున్నారని తేలితే జబ్బు దొరికినట్టేనండీ. కాని ఎవరూ తియ్యరు. ముందు ఆర్పేస్తారు" అన్నాడు. సాక్ష్యాన్ని ముందే చెరిపివేసి విచారణ జరపడం మన దేశంలో ఒక్క కంప్యూటర్ల శాఖలోనే వుందా అని నాకు సందేహం కలిగింది గాని, పైకి అనలేదు.

ఇంకొకటి మరీ తమాషాగా వుంది. రోజూ పొద్దున్నే మొదట వచ్చినవాడికే పేజీ రాదు. రెండోవాడినుంచి అందరికీ వస్తుంది. మొదటివాడు ఫిర్యాదు చేస్తే, చూసేవాడికి అంతా బాగానే కనబడుతుంది. "మీ ఫోనులో ఏదో వుందండీ" అంటాడు. జరిగేదేమంటే, అపాచీ, టామ్‌క్యాట్ వేరువేరు కంప్యూటర్లలో వుండి మధ్యలో ఫైర్‌వాల్ వుంటే, రాత్రంతా మాటలు లేని తీగను ఆ కావలివాడు చడీచప్పుడూ లేకుండా తెంపేస్తాడు. తెగిందని ఇద్దరికీ తెలియదు. పొద్దున్న మొదటి మాట ఆ తెగిన తీగలోకి పోతుంది. దీనికి మందు, చీటీ అందించేముందు "వున్నావా?" అని ఒక్క చిన్న పలకరింపు, "వున్నాను" అని జవాబు. ఏజేపీ భాషలో వాటికి సీపింగ్, సీపాంగ్ అని పేర్లు కూడా వున్నాయి. పూర్వం ట్రంకుకాల్ మాట్లాడేవాళ్ళు "హలో, వినబడుతోందా?" అని నాలుగుసార్లు అరిచిన తరువాతే అసలు సంగతి ఎత్తుకునేవారు. వాళ్ళకు ఈ శాస్త్రం బాగానే తెలుసు.

ఏజేపీ వదిలేసి, ఇద్దరూ మామూలు వెబ్ భాషలోనే మాట్లాడుకునే పద్ధతి కూడా ఇప్పుడు విరివిగా వుంది. అందులో ఇంకోరకం తిప్పలు. వీధిలో వచ్చినవారు ఏ పేరు చెప్పి, ఏ తలుపు గుండా వచ్చారో ముందున్నవాడు లోపలికి సరిగా చెప్పకపోతే, లోపలివాడు తన గది నంబరే అందరికీ చెబుతాడు. సైటులో పేరూ సంకేతమూ ఇచ్చి లోపలికి వెళ్ళబోగానే చిరునామా చివర 8080 అని ప్రత్యక్షమై, పేజీ బిగుసుకుపోతే, ఆ తప్పు మీది కాదు సుమండీ.

వెళ్ళబోయేముందు శిష్యుడు నాకొక పని అప్పగించాడు. ఆ బోసి అంకె బదులు తెలుగులో నాలుగు మాటలు కనపడేటట్టు చెయ్యవచ్చు, అపాచీలో ఆ సదుపాయం వున్నది. మాటలు మీరు రాసివ్వండి, పెట్టించే పూచీ నాది అన్నాడు. ఆ పేజీ మాత్రం ముందున్న సర్వర్ దగ్గరే వుండాలట. దాన్ని కూడా వంటింట్లో పెడితే, వంటిల్లు అందని రోజున "వంటిల్లు అందడంలేదు" అన్న బోర్డు కూడా అందదు! సరే, 503కి ఇట్లా రాశాను: "ప్రస్తుతము మీ పని జరుగుటకు వీలులేదు. మీ రుసుము మాకు చేరలేదు. దయచేసి కొంతసేపటికి మరల ప్రయత్నించండి."

"రెండో వాక్యం వద్దు మాస్టారూ" అన్నాడు చదవగానే. "చేరలేదని మనకేం తెలుసు? ఆ రోజు వచ్చిన పెద్దాయన డబ్బు బ్యాంకులో పోయిన తరువాతే ఈ అంకె పడింది. ఈ వాక్యం చూసివుంటే, సైటు లేవగానే ఆయన మళ్ళీ కట్టేవాడు. 504 అయితే మరీను. లోపల పని పూర్తయి, కబురు మాత్రం వేళకు రాకపోయి వుండవచ్చు."

నిజమే. ఒక్క "చేరలేదు" అన్న మాటకు ఒక ఇంటి నెల ఖర్చు తలకిందులయ్యేది. ఇద్దరం కూర్చొని, మూడు అంకెలకూ కలిపి ఇట్లా దిద్దాం:

"మీ పని పూర్తి అయినదీ కానిదీ ఈ పేజీ చెప్పలేదు. మీ బ్యాంకు ఖాతా చూసుకోండి. డబ్బు పోయివుంటే మళ్ళీ కట్టకండి. బ్యాంకు ఇచ్చిన నంబరు రాసుకొని ఆఫీసులో చెప్పండి. పోకపోతే పావుగంట ఆగి మళ్ళీ ప్రయత్నించండి."

ఇవి ఆ వారమే పెట్టారు. "ఈ పేజీ కనిపించిన రోజున గడువు ముగిసినా జరిమానా వెయ్యబడదు" అని ఇంకొక వాక్యం కూడా రాసిచ్చాను. అది మాత్రం ఆఫీసువారు పరిశీలనలో పెట్టారు.